బాపు నిద్ర, నా గిటారు

ఆ రోజుల్లో మా కాలనీలో రాత్రి అనేది ఆకాశాన్ని చూసి వచ్చేది కాదు, షిఫ్టును చూసి వచ్చేది. ఒక ఇంట్లో పొద్దున పదకొండింటికి అర్ధరాత్రి అయితే, పక్కింట్లో సాయంత్రం ఐదింటికి అర్ధరాత్రి. గోదావరిఖనిలో మేమున్న రెండు గదుల క్వార్టర్ల వరసలో ఎప్పుడు చూసినా ఎవరో ఒకరు నిద్రపోతూనే ఉండేవారు కాబట్టి, మెలకువగా ఉన్నవాళ్ళమంతా దొంగల్లాగా బతికేవాళ్ళం. కూరగాయలమ్మ మా గల్లీ మొదట్లోనే కేకలు మానేసి, గడప గడపకూ వచ్చి గంప దించి, "వంకాయలున్నయి" అని చెవిలో రహస్యం చెప్పినట్టు చెప్పి పోయేది. మొగుడూ పెళ్ళాలు కొట్లాడుకున్నా గుసగుసల్లోనే కొట్లాడుకునేవారు. (గుసగుసల్లో తిట్టుకోవడం ఎంత కష్టమో మీకు తెలియదు. మా ఎదురింటి దంపతులు పళ్ళు బిగబట్టి తిట్టుకుని తిట్టుకుని, చివరికి వాళ్ళకే నవ్వొచ్చి రాజీపడేవారు.) పిల్లలు గోలీలాడితే మట్టిలోనే ఆడాలి, బండ మీద ఆడితే వీపు విమానం మోతే. ఇదంతా మర్యాద అనుకునేరు. మర్యాదా కాదు, పాడూ కాదు, భయం. నిద్ర చాలని మనిషి బొగ్గుబాయిలోకి దిగితే ఏమవుతుందో ప్రతి ఇంట్లో ఆడవాళ్ళకు తెలుసు. మా అవ్వ (అమ్మను మేం అట్లాగే పిలిచేవాళ్ళం, నాన్నను బాపు అని) "నిద్ర సాలకుంట దిగితే మనిషి..." అని మొదలుపెట్టేది కానీ ఆ మాట ఎన్నడూ పూర్తి చేసేది కాదు. పూర్తి చేయమని మేమూ అడిగేవాళ్ళం కాదు.

మా బాపు టింబర్‌మన్. అంటే బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని. ఆయన ఒళ్ళు తెలిసి పనిచేస్తేనే ఆయన తలా, పక్కవాళ్ళ తలలూ భద్రం. ఆయనకు ఎక్కువగా రాత్రి షిఫ్టే పడేది. అందుకని నిద్ర కూడా రెండు ముక్కలుగా వచ్చేది: పొద్దున డ్యూటీ దిగి వచ్చాక ఒక ముక్క, సాయంత్రం మళ్ళీ పోయేముందు ఇంకో ముక్క. ఆ రెండు ముక్కలూ ఏనాడూ సరిగా పట్టేవి కావు. మంచం మీద వాలేవాడు, కన్నంటుకునేది, మేమంతా ఊపిరి బిగబట్టి గోడలకు అతుక్కునేవాళ్ళం, ఇంతలోనే దిగ్గున లేచి కూర్చుని "ఏంది? ఏమైంది?" అనేవాడు. "ఏం గాలే, పండుకో" అనేది అవ్వ. అని మా వైపు తిరిగి కళ్ళతోనే ఉరిమేది. అంటే మేమేదో చప్పుడు చేశామన్నమాట. తలుపు గొళ్ళెం కావచ్చు, చెంబు కావచ్చు, నా దగ్గు కావచ్చు. మర్నాటినుంచి ఇంకాస్త తగ్గించేవాళ్ళం. అట్లా తగ్గించి తగ్గించి మా ఇంట్లో చివరికి పోపు వేయడం కూడా మానేశాం, ఆవాలు చిటపటమంటాయని. అయినా బాపు దిగ్గున లేవడం మానలేదు.

అట్లాంటి ఇంట్లోకి నేను గిటారు తెచ్చాను. డెబ్భైల మొదట్లో మాట. అప్పటికి మెట్రిక్ గట్టెక్కి, బాయి పైన లాంపు రూములో పనికి కుదిరాను. కిందికి దిగేవాళ్ళకు నెత్తిదీపాలిచ్చి, పైకొచ్చాక తీసుకుని చార్జింగుకు పెట్టే గది అది. అక్కడ నా పైన పనిచేసే పెద్దాయనను అందరూ క్వయర్ మామ అనేవారు. చర్చిలో ఆదివారం పాటలకు గిటారు వాయించేవాడు. ఆ గిటారు నిజానికి మా కాలనీ క్లబ్బుది. ఎప్పుడో ఎవరో పెద్దసారు ముచ్చటపడి కొనిపించి బదిలీ అయి వెళ్ళిపోతే, దాన్ని ముట్టుకునే ధైర్యం మామకొక్కడికే ఉండింది. షిఫ్టు దిగాక చర్చి వరండాలో కూర్చోబెట్టి నాకు నేర్పాడు. "వేళ్ళు నొప్పి పెడ్తయి మామా" అంటే "పెట్టనియ్ బిడ్డా, వేళ్ళు నీయే, తీగలు క్లబ్బుయి. తెగితే తీగల గురించి ఫికర్ చెయ్" అనేవాడు. అట్లా ఆయన దగ్గర నాకు మూడంటే మూడు పట్లు (కార్డ్స్ అంటారే, అవి) వచ్చాయి. నాలుగోది మొదలుపెడదామనేలోగా ఆయనను కొత్తగూడెం బదిలీ చేశారు.

పోతూ పోతూ మామ నన్ను క్లబ్బు సెక్రటరీ సారు దగ్గరికి తీసుకెళ్ళి, "సార్, ఈ పోరనికిద్దాం, మంచిగ చూసుకుంటడు" అన్నాడు. సెక్రటరీ సారు నన్ను కిందికీ పైకీ చూశాడు. "చూసుకునుడు కాదు, వాయించాలె. క్లబ్బు వార్షికోత్సవంల స్టేజీ మీద వాయిస్తివా, గిటారు నీ దగ్గర్నే ఉంటది. వాయించకపోతివా, తెల్లారి తెచ్చి స్టోరుల పెట్టు. వాలీబాల్ నెట్టు పక్కన జాగున్నది" అన్నాడు. నేను ఆ స్టోరు చూశాను. అందులో వాలీబాల్ నెట్టుతోపాటు ఎలుకలు కూడా ఉన్నాయి. ఇక్కడ నవ్వులాట పక్కన పెట్టి ఒక్కమాట చెప్పాలి. ఆ గిటారంటే నాకు ప్రాణం. ఇరవై ఏళ్ళొచ్చేదాకా గుసగుసల్లో పెరిగినవాణ్ణి, నా చేతికింద ఒక వస్తువు మోగుతుందంటే నాకు ఒళ్ళంతా ఝల్లుమనేది. దాన్ని ఎలుకలకు అప్పగించడం నావల్ల అయ్యే పని కాదు. స్టేజీ ఎక్కడం కూడా నావల్ల అయ్యే పని కాదు.

ముందు సాధన సంగతి వినండి. మామ ఉన్నప్పుడు చర్చి వరండా ఉండేది, ఆయన పోయాక అదీ పోయింది, మిగిలింది ఇల్లు. ఇంట్లో బాపు నిద్ర. ఆయన లేని సమయంలో పక్కింటాయన నిద్ర. అందుకని నేనొక ఉపాయం చేశాను. అవ్వ పాతచీర పీలిక ఒకటి మడతపెట్టి తీగల కింద గట్టిగా దోపేవాణ్ణి. అప్పుడు తీగ మీటితే "టుక్కు" మనేది, అంతే. వంటగది మూలన కూర్చుని గంటలు గంటలు టుక్కు టుక్కు మనిపించేవాణ్ణి. పాట మాత్రం నా బుర్రలో మోగేది. అవ్వ పాడే బతుకమ్మ పాట వరస ఒకటి నాకొచ్చిన మూడు పట్ల మీద అచ్చంగా కూర్చుంది. ఆ సంగతి నాకు తప్ప ప్రపంచంలో ఎవరికీ తెలియదు, ఎందుకంటే ఎవరికీ వినబడలేదు. మా బావ (అక్క మొగుడు, పక్క గల్లీలోనే ఉండేవాడు, క్లబ్బు నాటకాల్లో ఆడవేషాలు కట్టేవాడు) ఒక్కడే వచ్చి గిటారు చెక్కకు చెవి ఆనించి, కళ్ళు మూసుకుని వినేవాడు. "మస్తున్నదిరా బామ్మర్దీ, ఏదో అయితున్నది లోపట" అనేవాడు. బాపు ఆ గిటారును గోడకు వేలాడుతుండగా రోజూ చూసేవాడు. ఇదేమిటని గానీ, ఎందుకని గానీ ఒక్కరోజూ అడగలేదు. ఆయనకు ఇష్టం లేదేమోనని నాకదొక భయం.

వార్షికోత్సవం దగ్గరపడేకొద్దీ నాకు అన్నం సయించడం మానేసింది. నిద్రలో ఒకటే కల. నేను ఒక్క తీగ మీటుతాను, కాలనీలో అన్ని తలుపులూ ఒకేసారి తెరుచుకుంటాయి, నిద్ర చెడిన మగవాళ్ళంతా లుంగీలు ఎగగట్టుకుంటూ నా మీదికి వస్తుంటారు. మీరు స్టేజీ భయం గురించి వినే ఉంటారు. జనం నవ్వుతారేమో, తప్పు పోతుందేమో అని భయపడతారు మామూలు మనుషులు. నా భయం అంతవరకు కూడా పోలేదు. నాకు చప్పుడంటేనే భయం. ఈ మాట పైకి చెబితే గిటారు పట్టుకున్నవాడు చప్పుడుకు భయపడటమేమిటని చెప్పుతో కొడతారు. అందుకని నాటకం రిహార్సల్‌కు పోయి, హార్మోనియం మాస్టారి వెనక, తబలా ఆయన పక్కన, మూలన నక్కి కూర్చున్నాను. వాళ్ళిద్దరూ వాయిస్తుంటే తీగల మీద చెయ్యి గాలిలో ఆడించాను. అయిపోయాక సెక్రటరీ సారు వచ్చి, "గిటారు మంచిగ కలిసింది. ఎక్కువ లేదు, తక్కువ లేదు" అన్నాడు. ఆ రోజు నేను తీగ ముట్టనేలేదు. ఆ మాటతో నాకు ప్రాణం లేచొచ్చింది. ఇట్లాగే గాలిలో గండం గడిచిపోతుందని, గిటారు నాదైపోతుందని లెక్కవేసుకున్నాను.

ఆ సాయంత్రం రానే వచ్చింది. పొద్దుటినుంచి ఎన్నిసార్లు చెంబు పట్టుకుని దొడ్లోకి పోయానో అవ్వే విసుక్కుని, "కడుపుల ఏమన్న ఉంటే గద పోనీకి, కూసో" అంది. బయల్దేరుతుంటే బాపు మంచం మీద సాయంత్రపు ముక్క నిద్రకు వాలి ఉన్నాడు. మునివేళ్ళ మీద ఆయనను దాటుకుని వచ్చేశాను. క్లబ్బు హాలు అప్పటికే సగం నిండింది. ముందు కుర్చీల్లో ఆఫీసర్లూ వాళ్ళ కుటుంబాలూ, వాళ్ళ ముందు పరిచిన పట్టాల మీద పెద్దవాళ్ళూ పిల్లలూ, వెనక నిలబడ్డ జనం. తెర వెనక బావ రాణి వేషానికి పట్టుచీర కట్టుకుని, చేతికి గాజులు వేసుకుని, మూతిమీద గుబురు మీసంతో తిరుగుతున్నాడు. మీసం మీద మమకారంతో చివరిదాకా తీయించుకోకుండా ఆపి, ఇప్పుడు మంగలి కోసం మనిషిని పంపాడు. నన్ను చూసి, "ఎందుకట్ల గజగజ వణుకుతున్నవ్? నువ్వు మూలకు కూసుంటవ్, నిన్నెవ్వలు చూస్తరు?" అన్నాడు. రాణివాసపు ఆ ఓదార్పుతో కాస్త కుదుటపడ్డాను.

అప్పుడొచ్చింది కబురు. మా హార్మోనియం మాస్టారు బాయి మీద వైండింగ్ ఇంజను నడిపే మనిషి. మనుషులను కిందికీ పైకీ తీసుకెళ్ళే డోలీ ఆయన చేతిలో ఉంటుంది కాబట్టి, బదులు మనిషి వచ్చి కూర్చునేదాకా ఆయన ఆ కుర్చీలోంచి లేవడానికి వీల్లేదు. ఇల్లు తగలబడుతున్నా లేవడానికి వీల్లేదు. ఆ రోజు బదులు మనిషి రాలేదు. మాస్టారుకు డబుల్ డ్యూటీ పడింది. హార్మోనియం లేనిదే తబలా ముట్టనని తబలా ఆయన బీడీ ముట్టించాడు. మంగలి ఇంకా రాలేదు, రాణిగారి మీసం మీసంలాగే ఉంది. బయట జనం ఈలలు. సెక్రటరీ సారు చేతిరుమాలుతో మెడ తుడుచుకుంటూ అటు చూశాడు, ఇటు చూశాడు, చివరికి నన్ను చూశాడు.

"నువ్వొక్కనివే నడువు. జర సేపు వాయించు" అన్నాడు.

"నేనొక్కణ్ణా సార్?" అన్నాను.

"రాణి మీసం తీసేదాక" అన్నాడు సారు.

నిజం చెప్పొద్దూ, నేను వెనక తలుపు దాకా నడిచాను. గడియ మీద చెయ్యి కూడా వేశాను. బయటికి పోతే పోవచ్చు, ఎవరూ పట్టుకోరు. కానీ తలుపు పక్కనే స్టోరు గది. దాని తలుపు సందులోంచి వాలీబాల్ నెట్టు కనిపించింది. తెల్లారితే దాని పక్కన నా గిటారు. నాకు కాళ్ళు ముందుకూ పోలేదు, వెనక్కూ పోలేదు. ఇంతలో బావ వచ్చి గాజుల చేతులతో నా రెండు భుజాలు పట్టుకుని, తిప్పి, స్టేజీ మీదికి ఒక్క తోపు తోశాడు.

లైట్లు మొహాన పడితే జనం కనబడరని బావ చెప్పి ఉన్నాడు. అబద్ధం. అందరూ కనబడ్డారు. లాంపు రూములో నాకూ వాళ్ళకూ మధ్య చిన్న కిటికీ ఉండేది, అందులోంచి నాకు చేతులే కనబడేవి, వాళ్ళకు నా చేతులే కనబడేవి. ఆ చేతులన్నింటికీ ఇప్పుడు మొహాలు మొలిచి నన్నే చూస్తున్నాయి. స్టూలు మీద కూలబడ్డాను. బతుకమ్మ వరస మొదలుపెట్టాను. మొదలుపెట్టానని నాకొక్కడికే తెలుసు. ఇన్నాళ్ళ అలవాటుతో నా చెయ్యి తీగలను మీటడం లేదు, బుజ్జగిస్తోంది. హాల్లో పిల్లల ఏడుపులు, ఆడవాళ్ళ ముచ్చట్లు, పల్లీలమ్మేవాడి కేక, వీటి మధ్య నా పాట ఎక్కడ వినబడుతుంది? "ఏందివయా, తీగలున్నయా దానికి?" అని వెనకనుంచి ఎవరో అరిచారు. "తమ్మీ, జర గట్టిగ!" అని ఇంకొకరు. అప్పుడు మైకుసెట్టు ఆయనకు నా మీద జాలి కలిగినట్టుంది. చప్పుడు చేయకుండా వచ్చి, మైకు గొట్టం తెచ్చి సరిగ్గా తీగల ముందు పెట్టి పోయాడు.

ఆ మైకులోంచి వచ్చిన మోత నేను జన్మలో మరిచిపోను. హాలు నాలుగు మూలలనుంచీ నా గిటారు నా మీదికే విరుచుకుపడింది. నా పాటను నేను గట్టిగా వినడం అదే మొదటిసారి. జనం ఒక్కసారిగా మాటలాపి ఇటు తిరిగారు. నేను బిత్తరపోయి తల ఎత్తాను. ఎత్తితే ముందు పట్టా మీద, స్తంభానికి వీపు ఆనించి, తల వెనక్కు వాల్చి, నోరు తెరుచుకుని నిద్రపోతూ మా బాపు.

ఇంట్లో మంచం మీద ఉండాల్సిన మనిషి ఎట్లా వచ్చాడో నాకప్పుడు తెలియదు. (నేను బయల్దేరగానే లేచి, "పోరడు వాయిస్తడట గద" అని అంగీ వేసుకుని వచ్చాడని తర్వాత అవ్వ చెప్పింది. వచ్చాడు, పెద్దమనిషని ముందు జాగా ఇచ్చారు, కూర్చున్నాడు, కూర్చున్నచోటే ఒరిగాడు.) నాకు తెలిసిందొక్కటే. బాపు పడుకున్నాడు, రాత్రికి బాయి దిగాలి, నేను చప్పుడు చేస్తున్నాను. అంతే, నేను అనుకోకుండానే నా అరచెయ్యి తీగల మీద దబ్బున పడి వాటి నోరు మూసేసింది. గిటారు ఆగింది. జనం అప్పటికే మాటలాపి ఉన్నారు. హాల్లో చీమ చిటుక్కుమంటే వినబడేంత నిశ్శబ్దం.

ఆ నిశ్శబ్దంలో బాపు దిగ్గున లేచాడు. లేచి నిలబడి, కళ్ళింకా సగం మూతబడే ఉండగా, గొంతు చించుకుని అరిచాడు.

"ఫ్యానాగింది! లెవ్వుండ్రి! బయటికి నడువుండ్రి!"

బాయిలోకి గాలి పంపే పెద్ద ఫ్యాను ఒకటి పైన తిరుగుతూ ఉంటుంది. కింద పనిచేసేవాళ్ళ చెవుల్లో ఆ హోరు ఎప్పుడూ ఉంటుంది, దాన్నెవరూ పట్టించుకోరు. అది ఆగిందంటే మాత్రం పలుగూ పారా పడేసి ముందు బయటపడాలి, ఎందుకు ఆగిందని తర్వాత అడగాలి. హాల్లో ఉన్నవాళ్ళు ఎవరు? అంతా ఆ బాయిల్లో పనిచేసేవాళ్ళే. బాపు అరుపు వినగానే సగం హాలు ఆలోచించకుండా లేచి నిలబడింది. ఒకాయన దీపం కోసం నెత్తి తడుముకున్నాడు. ఇంకొకాయన పక్కవాడి రెక్క పట్టుకుని తలుపు దాకా లాక్కుపోయాడు. పిల్లలు ఘొల్లుమన్నారు. ఆఫీసర్ల ఆడవాళ్ళు కుర్చీల్లోంచి లేచి తలుపెక్కడని వెతుకుతున్నారు. ఒక క్షణం గడిచాక పైన తిరుగుతున్న సీలింగు ఫ్యాన్లను ఎవరో చూశారు, చూసి ఫక్కుమన్నారు. ఇక హాలు హాలంతా కడుపులు పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది.

"టింబర్‌మన్ కాకా, ఇది క్లబ్బే, కప్పు కూలదు తియ్!" అన్నాడొకడు. "కాకకు స్టేజీ మీద కూడ దుంగ నిలబెట్టుమనుండ్రి!" అన్నాడింకొకడు. బాపు అందరి మధ్యా ఒక్కడే నిలబడి ఉన్నాడు. తువ్వాల చేతిలో నలుపుకుంటూ చుట్టూ చూశాడు, నన్ను చూశాడు, ఏం జరిగిందో అర్థమైంది. మా బాపు మొహం అంత చిన్నదవడం నేనెన్నడూ చూడలేదు. కొడుకు పాట వినడానికి నిద్ర చంపుకుని వచ్చిన మనిషి, కొడుకు ఇజ్జత్ తీశాననుకుని తల దించుకున్నాడు. అప్పుడు నాకొచ్చిన కోపం ఎవరి మీదో నాకిప్పటికీ తెలియదు. ఆ నవ్వు ఆగాలి. అంతే. గిటారును ఒళ్ళోకి లాక్కుని, మైకుకు ఆనించి, అయిదు వేళ్ళతో తీగలను ఒక్క బాదు బాదాను. నవ్వు మునిగిపోయింది. మళ్ళీ బాదాను. బతుకమ్మ వరస ఈసారి బుర్రలో కాదు, హాల్లో మోగింది.

ముందు ఆడవాళ్ళు గుర్తుపట్టారు. "అగో, బతుకమ్మ పాటనే!" అని ఒకావిడ చప్పట్లు మొదలుపెట్టింది. పక్కావిడ అందుకుంది. చూస్తుండగానే హాల్లో ఆ మూలనుంచి ఈ మూలకు ఒకే తాళం. బాపు మెల్లగా కూర్చున్నాడు. కాసేపు నన్నే కళ్ళార్పకుండా చూశాడు. తర్వాత రెప్పలు బరువెక్కాయి, గడ్డం ఛాతీ మీదికి దిగింది. నాకు మళ్ళీ పాత భయం పట్టుకుంది, పడుకున్నాడు, నెమ్మది, నెమ్మది అని చెయ్యి దానంతటదే తగ్గింది. తగ్గగానే బాపు భుజం ఉలిక్కిపడింది. భయపడి గట్టిగా వాయించాను. భుజం వదులైంది. మళ్ళీ తగ్గించి చూశాను. రెప్ప కదిలింది. పెంచాను. గురక వచ్చింది. అప్పుడు నా బుర్ర వెలిగింది. రేయనక పగలనక ఫ్యాను హోరులో, యంత్రాల మోతలో పనిచేసి వచ్చే మనిషికి నిశ్శబ్దమే ప్రమాదం. మేం ఊపిరి బిగబట్టి, ఆవాలు కూడా మానేసి, ఇన్నేళ్ళుగా ఆయనను నిద్ర లేపుతూ వచ్చాం.

ఇప్పుడు నాకు కొత్త భయం మొదలైంది. ఆపితే లేస్తాడు. లేస్తే ఈ నిద్ర మళ్ళీ పట్టదు. రాత్రికి నిద్ర చాలకుండా దిగితే... (చూశారా, నేనూ పూర్తి చేయలేదు.) అదృష్టం ఏమిటంటే బతుకమ్మ పాటకు ముగింపంటూ ఉండదు, తిరిగినకొద్దీ తిరుగుతూనే ఉంటుంది. నేనూ తిప్పుతూనే ఉన్నాను. మంగలి వచ్చాడు, మీసం పోయింది, రాణి పక్కతెర దగ్గర నిలబడి చేతులూపింది. "ఆపుర బామ్మర్దీ! రాణి నిలవడ్డదిక్కడ!" నేను తల అడ్డంగా ఊపాను. సెక్రటరీ సారు ముందు కళ్ళతో చెప్పాడు, తర్వాత చేతులతో చెప్పాడు, చివరికి స్టేజీ మీదికే వచ్చి నా చెవి దగ్గర "స్టేజీ ఎక్కుమంటే ఎక్కవు, ఎక్కితే దిగవు, ఏం మనిషివయా?" అన్నాడు. వేళ్ళ కొసలు మండిపోతున్నాయి. మాట్లాడితే తాళం తప్పుతుందని గడ్డంతో బాపు వైపు చూపించాను. సారు చూశాడు. తర్వాత మైకు ముందుకు వంగి, మెత్తగా, "టింబర్‌మన్ పండుకున్నడు. ఆయనకు రాత్రి డ్యూటీ ఉన్నది" అన్నాడు. అంతకుమించి చెప్పనవసరం లేకపోయింది. అందరి ఇళ్ళలోనూ అదే భయం కదా. ఇందాక నవ్వినవాళ్ళు కూడా చప్పట్లలో కలిశారు.

నాటకం నా గిటారు మీదే నడిచింది. రాణి స్వయంవరానికి బతుకమ్మ పాట. రాజు యుద్ధానికి పోతే బతుకమ్మ పాట. రాజు చచ్చిపోయాడన్న కబురు విని బావ నేల మీద పడి పొర్లి పొర్లి ఏడుస్తుంటే కూడా ఆడవాళ్ళు హుషారుగా చప్పట్లు కొట్టారు. (ఆ దెబ్బకు బావ నాతో చాలా రోజులు మాట్లాడలేదు. మీసం మళ్ళీ మొలిచాకే మాట్లాడాడు.) చివరికి షిఫ్టు సైరన్ కూసింది. బాపు ఎవరూ లేపకుండానే లేచాడు, తువ్వాల దులిపి భుజాన వేసుకున్నాడు, నాటకం మధ్యలోంచి తల వంచుకుని బయటికి నడిచాడు. నేను గిటారు తబలా ఆయన ఒళ్ళో పడేసి వెనకే పరుగెత్తాను. గేటు దాటాక అందుకున్నాను. అడగాలంటే స్టేజీ ఎక్కినప్పటికంటే ఎక్కువ భయమేసింది.

"ఎట్లున్నది బాపూ?" అన్నాను.

"ఏమో కొడుకా, నేను పండుకుంటి గద" అన్నాడు. నాలుగడుగులు వేసి ఆగాడు. "మస్తు నిద్రవట్టింది. గిట్ల పండుకోక ఎన్నేండ్లాయెనో" అని, నా వేళ్ళు పట్టుకుని చూసి, "ఇంటికి పొయ్యి నూనె రాస్కో" అని బాయి దారి పట్టాడు.

గిటారు నా దగ్గరే ఉండిపోయింది. "ఉంచుకో, కాని నాటకాలప్పుడు మాత్రం హాలు చుట్టుపక్కలకు రాకు" అన్నాడు సెక్రటరీ సారు. మర్నాటినుంచి బాపు పడుకునే వేళకు నేను తలాపున కూర్చుని గట్టిగా వాయించేవాణ్ణి. అవ్వ మొదటిరోజు గుమ్మంలో నిలబడి చూసి చూసి, "ఇన్నేండ్లు నోరు మూస్కొని గుసగుస బతుకు బతికితి గదనయ్యా, ఒక్కనాడన్న చెప్పకపోతివి!" అని ఆయన మీద విరుచుకుపడింది. మామూలు గొంతుతోనే. బాపు కదల్లేదు.

ఆ తర్వాత నాలుగో పట్టు నేర్చుకున్నాను, అయిదోదీ నేర్చుకున్నాను, మందమర్రి నుంచి కొత్తగూడెం దాకా ఎన్నో స్టేజీలెక్కాను, శాలువాలు కూడా కప్పించుకున్నాను. చేతులు వణకడం మొదలై ఈమధ్య తగ్గించాను గానీ, కాలనీలో ఎవరైనా పిలిస్తే ఇప్పటికీ పోతాను. ముందు వరసలో ఎవరో ఒకరు కునుకు తీస్తుంటారు. వాయించే పెద్దాయనకు (అంటే నాకు) చిన్నతనంగా ఉంటుందని పక్కనున్న పిల్లలు ఆ మనిషిని తట్టి లేపబోతారు. నేను వద్దని తల ఊపి, ఇంకో చుట్టు మొదలుపెడతాను. పాపం, ఏ షిఫ్టుకు పోవాల్సిన మనిషో ఏమో.